మరల మరల కాల్చు రాకెట్టు గొట్టము

దీపావళినాడు ఆకాశమునకెగసి నేల రాలిన తారాజువ్వను ఏరి దాచుకొనువారుండరు. మాడిన ఆ కాగితపు గొట్టముతో ఇక పని లేదు. అయినను రాకెట్టునకు ప్రాణము ఆ గొట్టములోనే యున్నది. మందు మండినపుడు పుట్టు వాయువులను అణచిపట్టి, వెనుకనున్న సన్నని ద్వారముగుండ మాత్రమే వెలికి పోనిచ్చుట దాని పని. అది ఎక్కువ పీడనమునకు ఓర్చిన కొలది వాయువులు ఎక్కువ వేగముతో వెలువడును. ఓర్వలేక పగిలినచో రాకెట్టు బాంబుగా మారును.

ఈ సంగతిని అనుభవము వలన తెలిసికొన్నవారిలో మైసూరు సైనికులు ముఖ్యులు. ఆ కాలమున ఐరోపాలో రాకెట్టు మందును కాగితపు గొట్టములలో కూరెడివారు. హైదరాలీ, టిప్పు సుల్తానుల సైన్యమువారు ఇనుప గొట్టములను వాడిరి. అందుచేత మందును గట్టిగ దట్టించుటకు వీలయ్యెను, పీడనము పెరిగెను, రాకెట్టు కిలోమీటరుకు మించి పోగలిగెను. 1780 సెప్టెంబరు 10న కాంచీపురము సమీపముననున్న పొల్లిలూరు యుద్ధములో ఇవి ఆంగ్ల సైన్యమును కలవరపరచినవి. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిదప కొన్ని రాకెట్లు ఇంగ్లండు చేరినవి. వానిని చూచియే విలియం కాంగ్రీవు తన రాకెట్లను తయారుచేసెను. 2018లో కర్ణాటకమునందలి శివమొగ్గ జిల్లా నగర కోటలో ఒక పాత బావి పూడిక తీయగా అటువంటి ఇనుప రాకెట్లు వేయికి పైగా బయటపడినవి. రెండు శతాబ్దములు బురదలో నిలిచిన ఇనుమది. కాని ఆ గొట్టము కూడ ఒక్కసారి కాల్చుటకే ఉద్దేశింపబడినది.

లోహపు గొట్టము సామాన్యుల చేతికి వచ్చుట ఇరువదవ శతాబ్దపు కథ. 1957 అక్టోబరు 4న రష్యావారి స్పుత్నిక్ భూమిచుట్టు తిరుగసాగినది మొదలు అమెరికా బడిపిల్లలలో రాకెట్ల వేడుక ముదిరినది. పశ్చిమ వర్జీనియాలో కోల్‌వుడ్ అను బొగ్గుగనుల ఊరిలో హోమర్ హికం అను విద్యార్థియు అతని స్నేహితులును రాకెట్లు చేయబూనిరి. తొలి ప్రయత్నమునకు తల్లి గులాబితోట కంచె ఎగిరిపోయెను! పిమ్మట గని కర్మాగారపు పనివారు వారికి ఉక్కు గొట్టములు కోసి, నాజిళ్లను లేతుమీద చెక్కి ఇచ్చిరి. గొట్టము నిలిచెను గాని, నాజిల్ యొక్క సన్నని కంఠము వేడి వాయువుల రాపిడికి అరిగిపోవుచుండెను. ఆ ఆకారమును మార్చి, లోపల పూత పూసి వారు ఆ చిక్కును దాటిరి. 1960లో జాతీయ విద్యార్థి విజ్ఞాన ప్రదర్శనమున వారి కృషికి బంగారు పతకము లభించినది. హికం తరువాత నాసాలో ఇంజనీరయ్యెను. 1998లో తన జ్ఞాపకములను గ్రంథముగా వెలువరించెను.

కోల్‌వుడ్ పిల్లలకు నిపుణులైన పనివారు దొరికిరి. అందరికి అట్టి అదృష్టము లేదు. నీటి గొట్టమును తెచ్చి, ఒక కొన మూసి, ఇంటిలో కలిపిన మందు దట్టించినవారు ఎందరో వ్రేళ్లు, కన్నులు పోగొట్టుకొనిరి, కొందరు మరణించిరి. ఉక్కు గొట్టము పగిలినచో ప్రతి తునకయు తూటావలె దూసికొనిపోవును.

వైట్‌శాండ్సు క్షిపణి పరీక్షా కేంద్రమున పనిచేయుచుండిన హారీ స్టైన్ ఈ ప్రమాదములను గూర్చి 1957లో ఒక పత్రికలో వ్రాసెను. నెబ్రాస్కా రాష్ట్రమున పాదరక్షల దుకాణము నడుపు ఆర్విల్ కార్లైల్ ఆ వ్యాసము చదివి, 1954లోనే తాను, తన సోదరుడు రాబర్టు రూపొందించిన చిన్న రాకెట్లను స్టైన్‌కు పంపెను. వాని మోటారు కాగితపు గొట్టము; నాజిల్ మట్టితో చేసినది. కాలిన మోటారును పారవేసి క్రొత్తదానిని పెట్టుటయే గాని, పిల్లవాడు మందును ముట్టనక్కరలేదు. స్టైన్ దీనినే నియమముగ స్థిరపరచెను: మందు కర్మాగారములోనే నింపవలెను, రాకెట్టు దేహమున లోహము ఉండరాదు. 1957 డిసెంబరులో వెలసిన సంఘమే నేటి జాతీయ రాకెట్టు సంఘమునకు మూలము. వెర్న్ ఎస్టెస్ అను యువకుడు ఈ మోటార్లను చేయుటకు ఒక యంత్రమును నిర్మించి 1959 నుండి వేలకొలది తయారుచేయసాగెను.

ఆనాటికి ఆ నిర్ణయమే సరియైనది. కాని దానివలన లోహమే దోషియను అభిప్రాయము పాతుకొన్నది. నిజమునకు దోషము మూడు చోట్ల నున్నది: అనుభవము లేని చేతులు కలిపిన మందులో, లెక్క చూడని గొట్టములో, తప్పించుకొనుటకు దారి విడువని మూతలో. ఈ భేదము గుర్తించుటకు ముప్పది ఏండ్లు పట్టినది.

ఈలోగా కాగితము తన హద్దును చేరెను. ఈ మోటార్లను వాని మొత్తము ప్రచోదనమును బట్టి ఆంగ్ల అక్షరములతో గుర్తింతురు. ఏ తరగతికి పై హద్దు 2.5 న్యూటను-సెకండ్లు, అక్కడనుండి ప్రతి అక్షరమునకు హద్దు రెట్టింపగును. బి యనగా 5, సి యనగా 10, జి యనగా 160. తరగతి పెరిగినకొలది, అందునను నల్లమందును విడిచి రబ్బరువంటి పదార్థములో కలిపి పోసిన చోదకమును వాడుట మొదలైన పిదప, కాగితము చాలదయ్యెను. గాజునార, రెసిన్లతో చేసిన గొట్టములు వచ్చినవి. అవి బలమైనవే, కాని ఖరీదైన ఆ గొట్టమును కూడ ఒక్క ప్రయోగముతో పారవేయవలసి వచ్చెడిది.

లోహపు గొట్టమును మరల వాడవచ్చునని మిక్కిలి పెద్ద రాకెట్లు అప్పటికే నిరూపించినవి. 1981 ఏప్రిల్ 12న తొలిసారి ఎగిరిన అమెరికా స్పేస్ షటిల్‌కు ఇరుప్రక్కల నుండిన ఘన ఇంధన రాకెట్లు ఒక్కొక్కటి 45 మీటర్ల పొడవు కలవి. వాని ఉక్కు గొట్టములు పారచూట్లతో సముద్రమున దిగెడివి. నావలు లాగి తెచ్చెడివి. కడిగి, పరీక్షించి మరల నింపెడివారు. (అన్ని దేశములు ఈ దారి త్రొక్కలేదు. శ్రీహరికోట నుండి ఎగురు పి.ఎస్.ఎల్.వి. మొదటి దశ గొట్టము మారేజింగ్ ఉక్కుతో చేసినది. ఈ జాతి ఉక్కును హైదరాబాదులోని మిశ్రధాతు నిగమ్ తయారుచేయుచున్నది. ఆ గొట్టము పని ముగియగనే సముద్రము పాలగును.) 1986 జనవరి 28న చాలెంజర్ నౌక కూలి ఏడుగురు మరణించుటకు కారణము షటిల్ గొట్టపు ఉక్కు కాదు; దాని అతుకులోని రబ్బరు వలయము. చలికి బిరుసెక్కి అది వాయువును ఆపలేకపోయినది.

అభిరుచిపరుల రాకెట్లకు మరల నింపదగిన మోటారు 1990 ప్రాంతమున బజారులోనికి వచ్చినది. 1982లో వెలసిన ఏరోటెక్ సంస్థ దీనిని ప్రచారములోనికి తెచ్చినవారిలో ముఖ్యము. దీని నిర్మాణము తెలిసికొనదగినది. బయట అల్యూమినియపు గొట్టము. ముందు వెనుకల మరలతో బిగించు మూతలు. కొన్నిటిలో మరలకు బదులు గాడిలో కూర్చుండు స్ప్రింగు వలయములు. గొట్టములోపల ఫినాలిక్ రెసిన్ పట్టించిన కాగితముతో లేదా అట్టి పదార్థముతో చేసిన పలుచని ఒర. ఆ ఒరలో చోదకపు దిమ్మలు. వెనుక అచ్చుపోసిన నాజిల్. సందులు మూయుటకు రబ్బరు వలయములు. ప్రయోగము ముగిసిన పిదప ఒర, నాజిల్, వలయములు అవతల పారవేయుదురు. గొట్టము, మూతలు నిలుచును. క్రొత్త దిమ్మలు, ఒర, వలయములు కర్మాగారము నుండి పెట్టెలో వచ్చును. సామాన్య ప్రయోగములలో వాడువాడు మందు కలుపుట లేదు, కూర్చుట మాత్రమే. స్టైన్ నియమములోని సారము అట్లే నిలిచినది. పెద్ద తరగతుల మోటార్లను పదునెనిమిది ఏండ్లు నిండినవారే వాడవలెను.

ఈ గొట్టము బలమెంతయో విద్యార్థులు సులభముగ లెక్కింపవచ్చును. పలుచని గొట్టపు గోడలో చుట్టుకొలత వెంట కలుగు ప్రతిబలము, లోపలి పీడనమును వ్యాసార్థముతో గుణించి గోడ మందముతో భాగించినంత. పీడనము 60 వాతావరణములు, వ్యాసార్థము 17 మిల్లీమీటర్లు, మందము 1.5 మిల్లీమీటర్లు అనుకొందము. ప్రతిబలము 680 వాతావరణములు. వాడుకలోనున్న 6061-టి6 అను మిశ్రలోహము సుమారు 2,700 వాతావరణముల వరకు శాశ్వతముగ సాగదు. అనగా నాలుగింతల భద్రత. మెత్తని ఉక్కు బలము కూడ ఇంచుమించు ఇంతే. బరువు మాత్రము మూడింతలు! పైగా ఈ మిశ్రలోహమునకు సాగు గుణము కలదు. పీడనము హద్దు మీరినచో సాధారణముగ మూత ఊడును, లేదా గొట్టము ఉబ్బి ఒకచోట చీలును. పెళుసు లోహమువలె తునియలై చెదరదు.

బలము సరే, వేడి సంగతి యేమి? లోపలి వాయువుల ఉష్ణోగ్రత 2,500 డిగ్రీల ప్రాంతమున నుండును. ఈ మిశ్రలోహము 600 డిగ్రీల దరిదాపుననే కరుగనారంభించును. అయినను గొట్టము కరుగదు. చోదకపు దిమ్మకు నడుమ రంధ్రముండును. మంట అక్కడ పుట్టి వెలుపలికి ప్రాకును. కావున మండవలసిన చోదకమే చివరి వరకు గోడకు అడ్డుగ నిలుచును. ఆపై ఒర మాడి బొగ్గై, ఆ మాడుటలో వేడిని తాను తీసికొనును. అంతరిక్షనౌక భూమికి తిరిగివచ్చునపుడు దాని ముందరి కవచము చేయు పని ఇట్టిదే. మంట యున్నది కొన్ని సెకండ్లే గనుక లోహమునకు కాగుటకు వ్యవధి లేదు.

గొట్టము అసలు వేడెక్కునది మంట ఆరిన పిమ్మట. మాడిన ఒరలోని వేడి మెల్లగ లోహమునకు ప్రాకును. ఇచట ఒక సూక్ష్మమున్నది. ఈ మిశ్రలోహమునకు బలము వచ్చినది, కర్మాగారములో దానిని 170 డిగ్రీల ప్రాంతమున కొన్ని గంటలు ఉంచుట వలన. అంతకుమించి కాగినచో ఆ బలము తగ్గును, చల్లారినను తిరిగి రాదు. గొట్టము పైకి చెక్కుచెదరక కనుపించినను లోన మెత్తబడియుండవచ్చును. ఒరలోని చిన్న లోపముగుండ మంట తగిలిన గొట్టము నమ్మదగినది కాదు. ఆ చోట రంగు పూత వెలిసిపోవుటయే తొలి సూచన. రెండవ శత్రువు మసి. చోదకములోని పెర్‌క్లోరేటు మండగా హైడ్రోక్లోరిక్ ఆమ్లము పుట్టును. తడి తగిలిన మసి లోహమును తినును. అందుచేత గొట్టమును ఆ దినమే కడిగి తుడువవలెను, మరలలో చేరిన మసిని గీకివేయవలెను, వలయము కూర్చుండు చోట గీత పడినదేమో వ్రేలితో తడిమి చూడవలెను. జాగ్రత్తగల వాని చేతిలో ఒక గొట్టము పదులకొలది ప్రయోగములకు వచ్చును. పారచూటు విచ్చుకొనక రాకెట్టు రాతినేలపై పడి గొట్టము సొట్టపోయినచో, మంటకు నిలిచినదాని ఆయువు అంతటితో తీరును.

2003 నుండి అమెరికాలో బడిపిల్లల జట్లకు రాకెట్టు పోటీలు జరుగుచున్నవి. మోటారు ప్రచోదనము 80 న్యూటను-సెకండ్లకు మించరాదు. పచ్చి కోడిగ్రుడ్డును నిర్ణీతమైన ఎత్తునకు పంపి, నిర్ణీతమైన కాలములో, పగులకుండ దింపవలెను. అనేక మారులు ఎగురవేసి సరిచూచుకొననిదే ఇది కుదరదు. అందుచేత పలు జట్లు మరల నింపెడి చిన్న అల్యూమినియపు గొట్టములనే వాడును. గ్రుడ్డు నేల చేరగనే ఒకడు దానిని పరీక్షించుచుండ, మరియొకడు చల్లారిన గొట్టము మూత విప్పుచుండును.