గోదావరి వఱదలు - లంకనేలలు

లంక యను పదము సంస్కృతమున రావణుని పురమునకు రూఢమైనను, తెనుఁగున ఏటినడుమ మేటవలన నేర్పడిన దిబ్బ కెల్లను సామాన్యనామము. ధవళేశ్వరమునకు దిగువ గౌతమీవసిష్ఠలును, వసిష్ఠనుండి చీలిన వైనతేయమును బాఱు త్రోవలలో నిట్టి లంకలు పెక్కులు. ఏఱు ఒకయెడఁ గోసిన మన్నే మఱియొకయెడ లంక యగును. వఱద తీసిన పిమ్మట నచ్చటఁ బొగాకు మొదలగు పైరులు పెట్టి, మరల నెఱ్ఱనీరు వచ్చులోపల నింటికిఁ జేర్చుకొనుట కర్షకుల వాడుక. లంకపొగాకు చుట్టలకుఁ బ్రసిద్ధి కెక్కినదిగదా! కోనసీమలో మెరకపై నిండ్లును గొబ్బరితోఁటలును, పల్లమున వరియు నుంచుటయు నిట్టిదే. నీటి నడక నెఱిఁగి నేలను విభజించిన పద్ధతి యిది.

కాటను దొర 1847 మొదలు 1852 వఱకుఁ గట్టించిన యానకట్ట వఱదల నాపుటకే యని పలువురు తలఁతురు. అది సరికాదు. ఆనకట్ట నీటిమట్టము నెత్తి కాలువలకు మళ్ళించునదియే. వఱద దానిమీఁదుగాఁ బొరలిపోయెడిది. పొలములను గాచునవి యేటి కిరుప్రక్కల గట్లు. ఈ గట్లవలన నేల రెండు తెగలయ్యెను: వెలుపలిది కాపుగలది, లోపలిది యేటిపాలు. లంకలు లోపలఁ జిక్కినవి. పూర్వము పొలములపైఁ బఱచుకొను నీరు గట్లనడుమ నొదిగి యెత్తుగాఁ బాఱఁజొచ్చెను.

1884లో మద్రాసు ప్రభుత్వమువారు నదీసంరక్షణశాసనమును జేసిరి. నదీగర్భముయొక్క మేరలను నిర్ణయించి పటములు వ్రాయించుటయు, ఆ మేరలలో ననుమతి లేక కట్టడములు గట్టుట, చెట్లు నాటుట మున్నగువాని నరికట్టుటయు దాని తాత్పర్యము. చెట్టు నాటుటలో దోషమేమి యని శంక పుట్టవచ్చును. చెట్లును రెల్లును దట్టమైనచోట వేగము తగ్గి మేట పడును. ఇచ్చట మేట పడిన నెదుటియొడ్డు కోఁతకు లోనగును. ఒకని లాభము వేఱొకని పొలము నడుగంటించును. ఇంత సూక్ష్మముగా నాలోచించిన శాసన ముండియు లంకలలో నూళ్లు వెలసినవి. పుడమి కఱవైనచోట జనులు మేరల నెంచి నిలుతురా?

1986 ఆగస్టునందు భద్రాచలముకడ నీరు 75.6 అడుగుల కెక్కెను. ధవళేశ్వరముకడ నించుమించు 35 లక్షల క్యూసెక్కులు పాఱెను. గట్లు తెగి యూళ్లు మునిఁగినవి. పిమ్మట నా వఱదనే ప్రమాణముగాఁ గొని గట్ల నెత్తు చేసిరి. ఇది వెలుపలివారికి మేలు. లోపలివారికి దీనివలనఁ గాపు కలుగలేదు. 2022 జూలైలో భద్రాచలముకడ నీరు 71 అడుగులు దాఁటినపుడు లంకగ్రామములు మరల నీటఁ జిక్కెను.

ధవళేశ్వరముకడ 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరికయు, 13 లక్షలకు రెండవదియు, 17 లక్షలకు మూఁడవదియు నిత్తురు. ఈ యంకెలు గట్టు వెలుపలివారికి సూచనలు. లంకవారికి మొదటిదియే ముంపు. మూఁడవ హెచ్చరిక రాకమున్నే కనకాయలంక కాజువే మునిఁగి, ఊరివారు పడవలమీఁదఁ జాకలిపాలెపు టొడ్డు చేరుచుందురు.