దర్శకుణ్ణి ఎన్నుకొనే విధము – ‘డాక్టర్ హూ’ చెప్పే పాఠము

బ్రిటన్‌లో పుట్టి పెరిగిన మన పిల్లలకు ‘డాక్టర్ హూ’ అనే టెలివిజన్ ధారావాహికను పరిచయం చేయనక్కరలేదు. అయితే దాని తొలి కథకు దర్శకత్వం వహించినది లక్నోలో పుట్టిన భారతీయుడన్న సంగతి మన పెద్దలలో పలువురికి తెలియకపోవచ్చును. ఈ ఉత్సవ సమయంలో ఆ ముచ్చట చెప్పుకోవడం సముచితమని భావిస్తున్నాము.

1963లో బి.బి.సి. నాటక విభాగానికి అధిపతి కెనడా నుండి వచ్చిన సిడ్నీ న్యూమన్. ఆయన ఈ ధారావాహికకు నిర్మాతగా 27 ఏళ్ళ వెరిటీ లాంబర్ట్ అనే యువతిని నియమించారు. దర్శకత్వం 24 ఏళ్ళ వారిస్ హుస్సేన్‌కు దక్కింది. ఆయన రచయిత్రి అతియా హుసేన్ కుమారుడు. 1946లో బాల్యంలోనే ఇంగ్లండు చేరి, కేంబ్రిడ్జిలో చదివి, బి.బి.సి.లో దర్శకుడైనవాడు.

సెప్టెంబరులో చిత్రించిన మొదటి భాగం న్యూమన్‌కు నచ్చలేదు. లోపాలన్నీ చెప్పి, మళ్ళీ తీయమన్నారు. అయితే నిర్మాతను గాని, దర్శకుణ్ణి గాని మార్చలేదు. అక్టోబరులో వారే తిరిగి తీశారు. 1963 నవంబరు 23న అది ప్రసారమైంది. ఆ ఒక్క నిర్ణయం వెనుక ఉన్న నమ్మకం ఎంత గొప్పదో మనము గమనించాలి.

ఆ రోజులలో ఒక్కొక్క కథను ఒక్కొక్క దర్శకునికి అప్పగించేవారు. వారమంతా రిహార్సలు, ఒక సాయంత్రం రికార్డింగు. డబ్బు తక్కువ, వ్యవధి తక్కువ, తంత్రాలు మాత్రం ఎక్కువ. అందువల్ల పేరు ప్రతిష్ఠల కంటె స్టూడియో పని ఆనుపానులు తెలిసినవారే నిర్మాతలకు కావలసివచ్చేది. తొలి కథకు సహాయకుడుగా పనిచేసిన డగ్లస్ కామ్‌ఫీల్డ్ మరుసటి ఏడే దర్శకుడయ్యాడు. 1966లో పాడీ రస్సెల్ ఈ ధారావాహికకు తొలి మహిళా దర్శకురాలయ్యారు. 1970లలో సహాయకుడుగా శ్రమించిన గ్రేమ్ హార్పర్‌కు నిర్మాత జాన్ నేథన్-టర్నర్ 1984లో ఒక కథ అప్పగించారు. అదే ‘ది కేవ్స్ ఆఫ్ ఆండ్రోజానీ’. 2009లో అభిమానుల పత్రిక పాఠకులు అప్పటి వరకు వచ్చిన 200 కథలలో దానినే అత్యుత్తమంగా ఎన్నుకున్నారు. 1989లో ఆగి 2005లో పునఃప్రారంభమైన ధారావాహికకు, 2006లో హార్పర్‌నే మళ్ళీ పిలిచారు.

అమెరికాలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జెనరేషన్’ నటుడు జొనాథన్ ఫ్రేక్స్‌కు 1990లో దర్శకత్వం ఊరకే రాలేదు, ఎడిటింగు గదులలో ఎన్నో గంటలు కూర్చొని పని నేర్చుకున్న తరువాతనే వచ్చింది.

మన సంఘాలలో ఏటేటా నాటకం ఎవరికి అప్పగించాలన్న ప్రశ్న వస్తుంది. తెలుగు తడబడుతుందని మన పిల్లలను తెర వెనుకనే ఉంచితే, రేపు తెర ఎత్తేవారెవరు? పని నేర్పుదాము, పగ్గాలు అప్పగిద్దాము. మొదటిసారి కుదరకపోతే, మళ్ళీ వారిచేతనే చేయిద్దాము.