సాల్ చెట్టు: కొరాపుట్, రాయగడ అడవుల్లో

సాల్ (శాస్త్రీయ నామం షోరియా రోబస్టా) డిప్టెరోకార్పేసీ కుటుంబానికి చెందిన పెద్ద చెట్టు. గట్టి కలపకూ, గింజల్లోంచి తీసే కొవ్వుకూ దీనికి పేరు. తెలుగులో గుగ్గిలం చెట్టు, సాలవృక్షం అంటారు. ఒడియాలో శాళొ, దక్షిణ ఒడిశాలోని కొరాపుట్ ప్రాంతపు దేశియ మాండలికంలో సర్గి. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ రెండింటికీ ఇదే రాష్ట్ర వృక్షం. హిమాలయ పాదాల వెంట అస్సాం దాకా ఒక పట్టీగా, మధ్య భారతంలో ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, ఒడిశాల మీదుగా మరో పట్టీగా పెరుగుతుంది. ఈ రెండో పట్టీ తూర్పు కనుమల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ఏజెన్సీ కొండల దాకా వచ్చి ఆగిపోతుంది. కాబట్టి కొరాపుట్, రాయగడ అడవులు సాల్‌కు దక్షిణపు అంచుకు దగ్గరివి.

దీని చుట్టాలు చాలామటుకు మలేసియా, బోర్నియో వర్షారణ్యాల్లో ఉన్నాయి. అక్కడి షోరియా జాతులు కొన్ని ఆకాశాన్నంటే కలప చెట్లు. వాటిలో కొన్నిటి గింజల నుంచి ఇల్లిపె అనే గట్టి కొవ్వు తీస్తారు. ఆ వర్షారణ్యపు కుటుంబంలో నెలల తరబడి ఎండను ఓర్చుకోగలిగిన వాటిలో సాల్ ఒకటి. ఏడాదిలో నాలుగైదు నెలలు చినుకు పడని నేలమీద కూడా అడవికి అడవే తానై నిలబడుతుంది. షోరియా అన్న పేరు 1793 నుంచి 1798 వరకు గవర్నర్ జనరల్‌గా పనిచేసిన జాన్ షోర్ మీద పెట్టినది. పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్. కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానవనానికి వెళ్లకముందు సామర్లకోటలో ఏళ్ల తరబడి మన మొక్కలను పరిశీలించిన వైద్యుడు ఆయనే.

చెట్టు, పూత, కాయ

మంచి నేలలో సాల్ 30 మీటర్లు దాటుతుంది. ఆకులు వెడల్పుగా, దళసరిగా, మెరుస్తూ ఉంటాయి. ఆకు రాల్చినా చెట్టు పూర్తిగా బోడి కావడం అరుదు. ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల మధ్య లేత పసుపు పూత గుత్తులుగా వస్తుంది. మే, జూన్ నెలల్లో కాయ పక్వానికొస్తుంది. కాయకు అయిదు రెక్కలు, అన్నీ ఒకే పొడవు కాదు. తొలకరి ముందు గాలులకు ఇవి గింగిరాలు తిరుగుతూ నేలకు దిగుతాయి.

ఆ గింజకు ఆయుష్షు చాలా తక్కువ. రాలిన వారం పది రోజుల్లో తడి నేల దొరికితే మొలుస్తుంది, లేకపోతే చచ్చిపోతుంది. దాచిపెట్టి వచ్చే ఏడు నాటుకుందామంటే కుదరదు. మొలిచాక కూడా సాల్ పిల్లకు కష్టకాలం తప్పదు. ఎండకో, కార్చిచ్చుకో, మేకకో పైమొక్క పోతుంది. మరుసటి వానకు అదే వేరు నుంచి కొత్త చిగురు లేస్తుంది, అదీ పోతుంది. ఇలా ఏళ్లకేళ్లు జరుగుతున్నంత కాలం నేలలో వేరు లావెక్కుతూ ఉంటుంది. చివరికి ఒక ఏడు ఆ వేరుబలంతో కాండం ఒక్కసారిగా పైకి లేచి నిలదొక్కుకుంటుంది. అడవిలో మోకాలెత్తు సాల్ మొక్క కనబడితే దాని వయసు ఎత్తునుబట్టి చెప్పలేం. కొట్టేసిన మోడు నుంచి కూడా పిలకలు బాగా వస్తాయి.

కలప

సాల్ చేవ బరువైనది. ఆరిన కలప ఘనమీటరుకు సుమారు 800 నుంచి 900 కిలోలు తూగుతుంది. చెదలు, బూజు త్వరగా అంటవు. దూలాలు, గుమ్మాలు, బండి భాగాలు, వంతెనలు, పడవలు దీనితో చేశారు. కోయడం, చిత్రిక పట్టడం వడ్రంగికి శ్రమే. అన్నిటికన్నా ఎక్కువగా ఈ కలపను మింగింది రైలు. పట్టాల కింద వేసే స్లీపర్ల కోసం బ్రిటిషు కాలంలో టేకు, దేవదారులతో పాటు సాల్ అడవులనూ దేశమంతటా నరికారు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ వెళ్లే మార్గం 1931లో పూర్తయింది. అప్పటికి కొరాపుట్, రాయగడ కొండలు మద్రాసు ప్రెసిడెన్సీ విశాఖపట్నం జిల్లాలో, జయపురం ఎస్టేటు కింద ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రంలో కలిశాయి. 1992లో పాత కొరాపుట్ జిల్లా నుంచి రాయగడ, నవరంగపూర్, మల్కనగిరి విడిపోయాయి. పాత జిల్లాలో సాల్ దట్టంగా ఉన్న ఉమర్‌కోట్ వైపు ఇప్పుడు నవరంగపూర్‌లో ఉంది. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద తూర్పు బెంగాలు శరణార్థులకు పొలాలు ఇవ్వడానికి ఆ వైపు అడవిని పెద్దఎత్తున కొట్టారు.

రాయగడ పక్కనే ఉన్న జేకేపూర్ పేరు వినగానే చాలామందికి కాగితం మిల్లు గుర్తుకొస్తుంది. 1962లో మొదలైన ఆ మిల్లుకు తొలి దశలో అడవి వెదురే ఆధారం. తరువాత నీలగిరి, సుబాబుల్, సరుగుడు వంటి పొలాల్లో పెంచే కలప వైపు మళ్లింది. రైతులకు నారు ఇచ్చి పొలం గట్ల మీద, మెట్ట భూముల్లో పెంచే పద్ధతి ఒడిశాలోనూ ఉత్తరాంధ్రలోనూ పాతుకుపోయింది. అలా పొలంలో నాలుగైదేళ్లకు కోతకు తెచ్చే వీలు సాల్‌కు లేదు. పోయిన సాల్ అడవిని తోటగా తిరిగి తెచ్చుకోవడం కష్టం, అందుకే ఉన్నదాన్ని ఉన్నచోట కాపాడుకోవాలి.

గింజ, కొవ్వు

వేసవి చివర కొండ ఊళ్లలో తిండిగింజలు అడుగంటే రోజుల్లో సాల్ గింజ రాలుతుంది. దీన్ని ఏరేది ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. చెట్టు కింద ఊడ్చి, రాలిన కాయలు పోగుచేసి, రెక్కలు కాలిపోయేలా పైపైన మంట పెడతారు. తరువాత కర్రలతో కొట్టి పొట్టు తీసి, పప్పు ఎండబెట్టి సంతకు తెస్తారు. ఊడ్చి కాల్చేటప్పుడు మంట అదుపు తప్పితే ఆ ఏటి మొలకలన్నీ పోతాయి. అందరికీ తెలిసినా పట్టించుకోని నష్టం ఇది.

పప్పులో కొవ్వు సుమారు 14 నుంచి 20 శాతం ఉంటుంది. ఇప్పపప్పుతో పోలిస్తే ఇది తక్కువ. గానుగలో పెద్దగా దిగదు కాబట్టి ఫ్యాక్టరీలు ద్రావణి పద్ధతిలో తీస్తాయి. ఇంట్లో అయితే గింజల్ని నీళ్లలో ఉడికించి పైకి తేలిన నూనెను తీసి వంటకూ దీపానికీ వాడిన అలవాటు అడవి ఊళ్లలో ఉంది. స్టియరిక్, ఓలియిక్ ఆమ్లాలు ఎక్కువగా ఉండటంతో ఈ కొవ్వు మామూలు వేడిలో గడ్డగా నిలిచి, నోట్లో పెట్టుకోగానే కరుగుతుంది. కోకో వెన్నకూ ఇదే గుణం. యూరోపియన్ యూనియన్ 2000లో చేసిన నిబంధన ప్రకారం చాక్లెట్‌లో కోకో వెన్న కాక 5 శాతం మించకుండా ఆరు రకాల కొవ్వులు కలపవచ్చు. ఇల్లిపె, పామాయిల్, షియా, కోకం, మామిడి టెంకపప్పు కొవ్వులతో పాటు సాల్ కొవ్వుకూ అందులో చోటుంది. సబ్బులకూ ఇది వాడతారు. నూనె తీసిన చెక్కలో టానిన్లు ఎక్కువ, అందుకే పశువులకు కొద్దిగానే కలుపుతారు.

చెట్టు నిలిచి ఉన్నంత కాలం ఇచ్చేవి ఇంకా ఉన్నాయి. బెరడుకు గాటు పెడితే కారే బంక ధూపం వేసే గుగ్గిలం. పడవ పలకల సందులు పూడ్చడానికీ అదే వాడేవారు. మన ఏజెన్సీలో అడ్డాకుతో విస్తళ్లు కుట్టినట్టు ఒడిశాలో సాల్ ఆకుతో విస్తళ్లు, డొప్పలు కుడతారు. లేత పుల్ల పందుంపుల్ల.

సాల్‌కు పెద్ద శత్రువు హోప్లోసెరాంబిక్స్ స్పైనికార్నిస్ అనే తొలిచే పురుగు. 1990ల చివర మధ్యప్రదేశ్ మండ్లా ప్రాంతంలో ఇది లక్షల చెట్లను బలిగొంది. చెట్టు కొట్టి బెరడు చితక్కొడితే ఆ రసం వాసనకు పురుగులు వచ్చి చేరతాయి. వాటిని చేత్తో ఏరి చంపడమే నేటికీ చేసే ముఖ్యమైన పని.

ధర

ఒడిశాలో సాల్ గింజ వ్యాపారం చాలాకాలం ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉంది. 2006లో అది తొలగింది. అదే ఏడాది వచ్చిన అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద అడవిబిడ్డలకు హక్కు ఇచ్చింది. 2013–14లో కేంద్రం ప్రారంభించిన కనీస మద్దతు ధర పథకంలో సాల్ గింజకు కిలోకు 10 రూపాయలు పెట్టారు, తరువాత 20 చేశారు. విదేశీ చాక్లెట్‌లో కలిసే సరుకుకు, ఎండలో వంగి ఏరి, కాల్చి, కొట్టి తెచ్చిన మనిషి చేతికొచ్చే లెక్క ఇది. పైగా తడిసిన పప్పులో ఆమ్లం పెరిగి నూనె చెడిపోతుంది. వాన మొదలైతే బేరం వ్యాపారి చేతికి పోతుంది, ఎంత చెబితే అంతకు అమ్ముకోవాలి. ధర ప్రకటించి ఊరుకుంటే పని తీరదు. ఊరికొక ఎండబెట్టే కళ్లం, పొట్టు తీసే యంత్రం కావాలి. తొలకరికి ముందే, మే నెలాఖరుకల్లా, ఆ ధరకు కొనే సంస్థ మనిషి సంతలో ఉండాలి.