చూపు చెదిరిన చిత్రకారుడు

బోగోలు మండలంలోని బిట్రగుంట రైలు బతుకెరిగిన ఊరు. ఆవిరి ఇంజన్ల కాలంలో అక్కడి లోకో షెడ్డుకు పెద్ద పేరు. డ్రైవరుకి కళ్లే కూడు పెట్టేవి. కంటి పరీక్ష తప్పితే ఇంజనెక్కనివ్వరు. కానీ గోడమీది అక్షరాలు చదివించే పరీక్షకు అందని అంధత్వం ఒకటుంది. విలియం యూటర్‌మోలెన్ అనే చిత్రకారుణ్ణి కూలదోసింది అదే.

1933లో ఫిలడెల్ఫియాలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డాడు. గదులు, బల్లలు, చుట్టూ కూర్చున్న స్నేహితులు... ఇవి ఆయన బొమ్మలు. 1995లో అల్జీమర్స్ అని తేలింది. ఆ ఏడాది వేసిన బొమ్మలో ఖాళీ గదిలో ఒక మనిషి బల్ల అంచు పట్టుకుని ఉంటాడు, వదిలితే ఎక్కడికో జారిపోతానన్నట్టు. ఆ మనిషి ఆయనే. తరవాత తన ముఖమే గీస్తూ పోయాడు. ఏటేటా కళ్లూ చెవులూ చోటు తప్పాయి. దూరమూ లోతూ పట్టు తప్పుతున్న సంగతి ఆయనకూ తెలుసనే భార్య ప్యాట్రీషియా అనుకుంది. తెలిసీ దిద్దుకోలేకపోవడం, అదీ ఘోరం.

ఇందులో కంటి తప్పేమీ లేదు. కన్ను పంపినదాన్ని పోల్చుకునేది మెదడు వెనుక భాగం. చూసిన వస్తువు ఎంత దూరంలో ఉందో లెక్కగట్టేది దానికి పైభాగం. జబ్బు అక్కడికి పాకితే అద్దాలు మార్చినా, శుక్లాలు తీయించినా ఒరిగేదేమీ ఉండదు. గుమ్మంలో పరిచిన నల్లపట్టా గొయ్యిలా కనపడుతుంది. గడప ఎత్తు అందదు. స్టీలు కంచంలో పెరుగన్నం కంచంలో కలిసిపోతుంది. “కళ్లు కనపళ్లేదా నాయనా, ముందరే ఉంది గదా!” అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. ముదిరిన రోగులకు ముదురురంగు పాత్రల్లో వడ్డిస్తే తిండి పాతికశాతం దాకా పెరిగిందని 2004లో బోస్టన్ పరిశోధకులు రాశారు. తెల్లన్నానికి పచ్చటి అరిటాకు వేసిన మనవాళ్లు ఇది ఎరిగే వేశారనను గానీ, ఇలాంటి రోగికి స్టీలు కంచం కంటే ఆకే మేలు.

కొందరిలో జబ్బు ఆ వెనుక భాగంలోనే మొదలవుతుంది, జ్ఞాపకం చాన్నాళ్లు నిలుస్తుంది. ఇంగ్లండు నవలాకారుడు టెర్రీ ప్రాచెట్‌కి వచ్చింది ఆ రకమే. 2007 డిసెంబరులో ఆ సంగతి లోకానికి చెప్పాడు. టైపు చేయడం కుదరని రోజులొచ్చాక నోటితో చెబుతూ నవలలు రాయించాడు, 2015లో పోయేలోపు.

చిత్రకారుడికి ఆ వెసులుబాటు ఏదీ? బొమ్మను నోటితో చెప్పి వేయించలేం. యూటర్‌మోలెన్ చేతిలో రంగులు పోయి పెన్సిలు మిగిలింది. 2000 నాటి తలల్లో ముఖం ఆనవాలు పట్టడమే కష్టం. తరవాత గీయడమూ ఆగిపోయింది. 2001లో లండన్ వైద్యులు ఆ బొమ్మల వరసను లాన్సెట్ పత్రికలో అచ్చు వేయించారు. 2007 మార్చిలో ఆయన చనిపోయాడు.