మోసేవాళ్లుంటేనే వేలాడే పడక

ఫిబ్రవరి వచ్చిందంటే ఆదివారం అనుబంధంలో విజయవాడ గుణదల కొండ మీద ఒక వ్యాసం పడాల్సిందే. 9, 10, 11 తేదీల్లో మరియమాత ఉత్సవాలు. కొండ చరిత్ర ఏటా రాస్తూనే ఉన్నాం కదా, ఈసారి కొండ కింద రాత్రిళ్లు పడుకునేవాళ్ల సంగతి రాస్తానన్నాను. బుధవారంలోగా ఇచ్చేట్టయితే సరేనన్నారు సంపాదకులు.

పల్లెల నుంచి ట్రాక్టర్ల మీద వచ్చే కుటుంబాల్లో శామియానా కింద చోటు దొరికినవాళ్లు చాప పరిచేస్తారు. దొరకనివాళ్లు ట్రక్కు అంచు నుంచి టార్పాలిన్ పట్టా లాగి, రెండు మేకులు దిగ్గొట్టి, గుడారం చేసుకుంటారు. చంటిబిడ్డకు మాత్రం అమ్మ పాత చీరే గతి. దాన్ని మడతపెట్టి, కొసలు ముడేసి, ట్రక్కు అడుగున కడితే ఉయ్యాల. ఈమధ్య క్యాంపింగ్‌కు వెళ్లే కుర్రకారు టెంటు గొప్పదా, హేమాక్ గొప్పదా అని తెగ వాదించుకుంటున్నారు. మన దారుల మీద ఆ వాదన ఎప్పటి నుంచో ఉంది.

గుడారం వైపు రాజులున్నారు. సైనిక శిబిరంలో కూర్చునే అగ్రహారాలు దానమిచ్చి రాగిరేకుల మీద చెక్కించినవాళ్లు వాళ్లు. కృష్ణదేవరాయలు 1515 ప్రాంతంలో కొండవీడు, కొండపల్లి గెలిచి కళింగం మీదికి పోతూ విజయవాడలో కొన్నాళ్లు ఆగాడు. అక్కణ్నుంచి కృష్ణ ఒడ్డునున్న శ్రీకాకుళం వెళ్లి ఆంధ్ర విష్ణువును కలగన్నాడు, 'ఆముక్తమాల్యద' పుట్టింది. ఆయన రాయచూరు దండయాత్ర గురించి రాసిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్, రాజుగారి డేరా చుట్టూ ముళ్లకంచె, దానికి ఒకే ద్వారం, బయట బజారు వీధులు ఉండేవన్నాడు. అంటే డేరా వేస్తే ఊరు లేచినట్టే.

వేలాడే పడక కథ సముద్రాల అవతల మొదలవుతుంది. 1492లో కొలంబస్ కరీబియన్ దీవుల్లో నూలు వలలు కట్టుకుని పడుకునే జనాన్ని చూశాడు. 1597 నాటికి ఇంగ్లిషు నౌకాదళం అవే పడకలను ఓడల్లోకి తెచ్చుకుంది. 1611లో ఇంగ్లిషు వర్తకుల 'గ్లోబ్' ఓడ మచిలీపట్నం చేరింది. రేవులో దిగిన దొరలకు ఇక్కడ అంతకంటే సుఖమైన పడక దొరికింది. దాని పేరు పల్లకి.

ఇక నాకు ఇష్టమైన ప్రయాణికుడి దగ్గరికి వస్తాను. జా బాప్తిస్త్ తావెర్నియే, ఫ్రెంచి రత్నాల వర్తకుడు. 1652 జూన్‌లో మచిలీపట్నంలో బయల్దేరాడు. గండికోటలో ఉన్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు నగలు చూపించాలని ఆయన ఆత్రం. ఉయ్యూరు మీదుగా పటమట చేరాడు. అదే, ఇవాళ గుణదల నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో దిగే పటమట. వానలు పట్టుకుని, నీళ్లు దారుల్ని ముంచేసి, రత్నాల వ్యాపారిని మన ఊళ్లో కూర్చోబెట్టాయి. ఊరికే కూర్చోకుండా ఆయన బెజవాడ గుళ్లు చూశాడు, ఒక ఆలయానికి స్తంభాలు 52 అని, కొండ మీది గుడికి మెట్లు 193 అని లెక్క రాసుకున్నాడు. వానకు చిక్కుకున్న వర్తకుడికి లెక్కపెట్టడం కంటే కాలక్షేపం ఏముంటుంది?

పల్లకినీ ఆయన అలాగే లెక్కగట్టాడు. ఆరేడు అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మంచం, చుట్టూ చిన్న కటకటాలు, పైన విల్లులా వంగిన వెదురు. ఆ వంపు కోసం వెదురును లేతగా ఉన్నప్పుడే వంచి పెంచేవారట. మంచి వెదురు 200 ఎక్యూల (ఫ్రెంచి నాణేల) దాకా పలికేది, తాను ఒకదానికి 125 ఇచ్చాడు. ముందు ముగ్గురు, వెనక ముగ్గురు భుజాన వేసుకుంటే పారిస్‌లో కుర్చీలు మోసేవాళ్లకంటే వేగంగా పోతారని మెచ్చుకున్నాడు. జీతం మనిషికి నెలకు నాలుగు రూపాయలు, ప్రయాణం అరవై రోజులు దాటితే ఐదు.

ఆయన లెక్కలో ఎక్యూ అంటే రెండు రూపాయలు. అంటే వెదురు ఖరీదు 250 రూపాయలు. దాన్ని మోసే బోయీకి అది ఐదేళ్ల జీతానికి పైమాటే! తావెర్నియే ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడలేదు. లోపల పడుకున్నవాడికి ఆ లెక్క తట్టదు.

తర్వాతి రెండు శతాబ్దాలూ ఈ లెక్కతోనే గడిచాయి. ఎండకు భయపడి దొరలు రాత్రిపూట దివిటీల వెలుగులో ప్రయాణించేవారు. వాళ్లు లోపల నిద్ర, బోయీలు బయట పరుగు. రాజమండ్రిలో జడ్జి భార్యగా ఉన్న జూలియా మెయిట్‌లండ్ 1843లో అచ్చయిన మద్రాసు లేఖల్లో ఈ ప్రయాణాల ముచ్చట్లు రాసింది. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన పడ్డాక పల్లకి పెళ్లిళ్లకే మిగిలింది.

1924లో ఫాదర్ ఆర్లాటి గుణదల కొండ మీద మాత విగ్రహం నిలిపారు. 1933లో శిఖరాన ఇనుప శిలువ లేచింది. జనం పెరిగారు, పట్టాలు పెరిగాయి. అక్కడి నుంచి కథ ఒక దారిన నడవదు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సొంత ఇళ్లున్నవాళ్లే డాబాల మీద గడిపారు. కుర్రకారేమో ఆన్‌లైన్‌లో నైలాన్ ఉయ్యాలలు కొని అడవులకు పోతున్నారు. ఫిబ్రవరి రాత్రి కింది నుంచి చలిగాలి కొట్టి నడుము కొంకర్లు పోతే, ఉయ్యాలలోనూ కింద దుప్పటి ఉండాలని తెలిసొస్తోంది. మన్యంలో, రోడ్డు లేని గూడేల నుంచి నిండు గర్భిణులను ఇప్పటికీ కర్రకు దుప్పటి కట్టి డోలీలో మోసుకొస్తున్నారు.

నా తీర్పు అడిగితే, చదునైన నేల ఉంటే పెద్దవాళ్లకు గుడారమే మేలు. అది ఎవరి భుజమూ అడగదు. ఉయ్యాల కట్టేవాళ్లు గట్టి చెట్టు చూసుకోండి, బెరడు కోసుకుపోకుండా వెడల్పాటి పట్టీ వాడండి, కరెంటు స్తంభాల జోలికి పోకండి. పాలకులకు మాత్రం ఒక్క మనవి. వేలాడే పడక సరదాకే మిగలాలంటే మన్యం గూడేలకు రోడ్లు వేయండి. తావెర్నియే పోయి మూడు వందల ఏళ్లు దాటినా అక్కడ మోత ఇంకా ఆగలేదు.