బాఖ్‌ని మర్చిపోని పిల్లలు

లోకం మర్చిపోయిన బాఖ్ సంగీతాన్ని 1829లో మెండెల్సన్ బెర్లిన్‌లో 'సెయింట్ మాథ్యూ పాషన్' పాడించి బతికించాడని తరచూ చదువుతుంటాం. లైప్‌జిగ్‌లోని సెయింట్ థామస్ చర్చి చరిత్ర చూస్తే ఆ కథ సగమే నిజమనిపిస్తుంది.

ఈ చర్చి బాలుర గాయకబృందం 1212 నాటిది. 1723లో దానికి గురువుగా బాఖ్ వచ్చాడు. అదీ టెలిమాన్ రానన్నాక, గ్రౌప్నర్‌ని యజమాని వదలనన్నాక. పిల్లలకి పాఠాలు చెప్పడం, ఊళ్ళోని పెద్ద చర్చిలకి ఆదివారాల సంగీతం సమకూర్చడం ఉద్యోగం. 27 ఏళ్ళు చేసి 1750లో పోయాడు. వేరే చర్చి స్మశానంలో, పేరు కూడా లేని సమాధిలో పెట్టారు.

పిల్లలు మాత్రం ఆయన మోటెట్లు, అంటే బృందగానాలు, పాడుతూనే ఉన్నారు. 1789లో మొజార్ట్ వచ్చినప్పుడు బాఖ్ శిష్యుడు డోలెస్ వాటిలో ఒకటి పాడించాడు. మొజార్ట్ ఆశ్చర్యపోయి, ఒక్కో గొంతుకీ విడిగా రాసిన కాగితాలు తెప్పించుకుని, ఒళ్ళోనూ కుర్చీల మీదా పరుచుకుని చదివాడట.

బాఖ్ అవశేషాలు 1950లో ఈ చర్చికి చేరాయి. ఇవాళ చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఆ పలక దగ్గరే ఆగుతారు. మెండెల్సన్ చేసిన మేలు పెద్దదే. అయితే అంతకుముందు దాకా ఆ పాటని మోసింది, పెద్దయి వెళ్ళిపోతూ తర్వాతివాళ్ళకి అప్పజెప్పిన పేరు తెలియని పిల్లలు.