ఆధారం, ఆధేయం

డిపెండెన్సీ అనే మాట అడుగున వేలాడటం ఉంది. లాటిన్ ‘డిపెండేరే’కు అర్థం అదే. ఇంగ్లీషులో అది మొదట ఆధారపడిన స్థితికీ, పరాధీన రాజ్యానికీ పేరు. ప్రోగ్రామర్ల చేతిలో అది అవతలి వైపుకు మారి, దేని మీద ఆధారపడుతున్నామో దాని పేరైంది. మన ‘ఆధారం’ మొదటినుంచీ ఆ వైపే ఉంది. దాని ధాతువైన ‘ధృ’కు అర్థం మోయడం, నిలిపి ఉంచడం. ధరణి, ధర్మం ఆ ధాతువు నుంచే వచ్చాయి.

ఢిల్లీలోని మునిర్కా గల్లీల్లో జేఎన్‌యూ, ఐఐటీ దగ్గరని అద్దెకుండే తెలుగు పిల్లలుంటారు. అలాంటి ఒక గదిలో పరిశోధన చేస్తున్న అమ్మాయి తన ఉబుంటు లాప్‌టాప్‌లో ఆర్ భాషకు టైడీవర్స్ ప్యాకేజీ ఎక్కించుకుంటోంది. ‘‘అన్నా, టైడీవర్సే పాడైనట్టుంది’’ అంది, తెర మీద ఆఖరి వరుస చూసి. అలా చివరి వరుస దగ్గరే ఆగిపోతే ఎవరికైనా దారి దొరకదు. పైకి జరుపుకుంటూ వెళ్ళాం. టైడీవర్స్‌కు హెచ్‌టీటీఆర్ అనే ప్యాకేజీ కావాలి, దానికి కర్ల్ అనే ప్యాకేజీ కావాలి. అన్నిటికంటే ముందు కూలింది కర్ల్. కారణం అక్కడే రాసి ఉంది: లిబ్‌కర్ల్ దొరకలేదు. అది ఆర్ ప్యాకేజీ కాదు, ఉబుంటు ఇవ్వవలసిన లైబ్రరీ. ఆర్ తనంతట తాను తెచ్చిపెట్టదు.

విచిత్రమేమిటంటే లిబ్‌కర్ల్ ఆ లాప్‌టాప్‌లో ఉండనే ఉంది. ఉన్నది ఎందుకు దొరకలేదో తెలియాలంటే మళ్ళీ ‘ఆధారం’ దగ్గరకే వెళ్ళాలి.

పాణిని ఆధారానికి అధికరణమని పేరు పెట్టి కారకాల్లో చేర్చాడు. మన సప్తమీ విభక్తి (అందు, ఇందు, న) పలికేది దాన్నే. వ్యాఖ్యాతలు ఆధారాన్ని మూడు రకాలు చేశారు. చాప మీద కూర్చుంటే చాప ఔపశ్లేషికం, అంటే తాకి ఉండే ఆధారం. మోక్షమందు కోరిక అన్నప్పుడు మోక్షం వైషయికం, అంటే కోరికకు విషయమైనది. నూనెకు నువ్వులు అభివ్యాపకం, నూనె వాటిలో అంతటా నిండి ఉంటుంది. కర్ల్‌కు లిబ్‌కర్ల్ మొదటి రకం. రెండూ వేరు వేరు వస్తువులు, తాకాలి. ఇక్కడిలా సోర్స్ నుంచి కంపైల్ చేసేటప్పుడు ఆ తాకే చోటు హెడర్ ఫైళ్లు: ఏ ఫంక్షన్ పేరేమిటి, దానికి ఏమేమి ఇవ్వాలి అన్నది వాటిలోనే ఉంటుంది. ఉబుంటు వాటిని విడిగా, పేరు చివర ‘డెవ్’ ఉన్న ప్యాకేజీలో ఇస్తుంది. ఆ లాప్‌టాప్‌లో లేనిది అదే. లిబ్‌కర్ల్4-ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్‌ను ఆప్ట్ కమాండ్‌తో తెప్పించాక కర్ల్, హెచ్‌టీటీఆర్, టైడీవర్స్ ఆ వరుసలోనే ఎక్కాయి.

ఆధారం మీద ఉండేదాన్ని శాస్త్రం ఆధేయం అంటుంది. ఇది ‘ధా’ ధాతువు, పెట్టదగినది అని అర్థం. విధేయుడిలోనూ ఉన్నది ఆ ‘ధా’యే. ఈ జంటను కంప్యూటర్ తెలుగులోకి తెచ్చుకోవాలని నా కోరిక. పత్రికల్లో ‘ఆధారాలు లేవు’ అంటే సాక్ష్యం లేదని కదా, తికమక కాదా అని అడుగుతారు. ఆ మాటను ఒంటరిగా వదిలితే అవుతుంది. ‘కర్ల్‌కు ఆధారమైన లిబ్‌కర్ల్ దొరకలేదు’ అని రాస్తే ఆధేయమేదో, ఆధారమేదో రెండూ తెలుస్తాయి. ముందు ఏది ఎక్కించాలో కూడా.